చిత్రిక మీద ఎవరి పేరు?

మా అబ్బాయి గుంటూరు వెళ్లి ఉక్కు ముద్ర చేయించుకొచ్చాడు. నాలుగే అక్షరాలు, తిరగేసి చెక్కినవి. చెక్క నునుపు చేసే చిత్రికలు తయారుచేస్తాడు వాడు. వాటి మీద పేరు కొడతాడట. గురజాలలో నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను, ఒక్క తలుపు మీదా నా పేరు లేదు. "ఒరే అబ్బాయ్, చేసేది విశ్వకర్మ. మధ్యలో మన పేరెందుకురా?" అన్నాను.

వాడు జవాబు చెప్పకుండా నల్లతుమ్మ చిత్రికను నిలబెట్టి ముందు ముఖం చూపించాడు. ఉలి వదులు చేయాలంటే వెనక ముఖాన సుత్తితో తడతాం, అది నలిగిపోతుంది. అడుగు అరుగుతుంది. దెబ్బ తగలకుండా మిగిలేది ముందు ముఖమే. చెక్క పోగులు అక్కడ అడ్డకోతకు తెగి ఉంటాయి గనక అక్షరం నిక్కచ్చిగా దిగుతుంది. ఒక్క దెబ్బే పడాలి. రెండోది పడిందా, పేరు చెదిరినట్టే.

పని సంగతి సరే, నాకు అడ్డం వచ్చింది అహంకారం మాట. మన వైపు వస్తువు మీద పేరంటే ఇచ్చినవాడిది. పెళ్లి బిందె మీద మేనమామ పేరు, గుడి గంట మీద దాత పేరు. కారెంపూడిలో కొణతాలనే ఆయుధాలను పల్నాటి వీరుల పేరున కొలుస్తారు. వాటిని కాచి సాగగొట్టిన కమ్మరి ఎవరని ఎవరూ అడగరు. అడిగితే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఉంది.

పూర్వం పనివాళ్ల పేర్లూ రాతికెక్కాయి. సాంచీ దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు పనివాళ్ల పెద్ద ఆనందుడి పేరుంది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి కాలంలో జగ్గయ్యపేట స్తూపానికి అయిదు ఆయక స్తంభాలు పెట్టించిన సిద్ధార్థుడూ అలాంటివాడే. ఇద్దరినీ శాసనాలు 'ఆవేసని' (పనివాళ్ల పెద్ద) అంటాయి. అయితే ఇద్దరూ చెప్పుకున్నది ఇచ్చామనే, చేశామని కాదు. అన్నమయ్య కూడా సంకీర్తనల్లో తన పేరు కాక వేంకటేశుడి ముద్రే వేశాడు. ఆ లెక్కన పేరు లేని నా తలుపులూ భక్తేననుకుంటూ వచ్చాను.

అబ్బాయి అమెరికా సంగతి ఒకటి చెప్పాడు. మసాచుసెట్స్‌లోని రెంథమ్ ఊళ్లో సీజర్ చెలోర్ అని చిత్రికలు చేసే బానిస ఉండేవాడట. 1753లో యజమాని వీలునామాతో విడుదలయ్యాడు. సొంతంగా చేసిన చిత్రికల మీద తన పేరూ ఊరి పేరూ కొట్టుకున్నాడు. నిన్నటిదాకా తన ఒళ్లే తనది కాని మనిషి పేరు కొట్టుకుంటే, దాన్ని అహంకారమనడానికి నాకు నోరు రాలేదు.

ఇక నా భక్తి సంగతి. ఇరవై ఏళ్ల కిందట పిడుగురాళ్ల దగ్గర ఒక ఇంటికి ఆరని వేపచెక్కతో తలుపులు చేసిచ్చాను. తొందర వాళ్లది, డబ్బు అవసరం నాది. రెండో ఎండాకాలానికి తలుపు మెలితిరిగి గడియ పడలేదు. "కర్ర గుణం, మన చేతుల్లో ఏముంది?" అనేసి వచ్చాను. తలుపు కుదిరితే విశ్వకర్మ, మెలితిరిగితే కర్ర. నేను మాత్రం ఎక్కడా లేను! వినయమనుకుంటూ ఇన్నేళ్లూ దాక్కున్నాను. ఆ తలుపు మీద నా పేరు పడాల్సి ఉంటే, ఆ చెక్కను మరో ఏడాది నీడన ఆరబెట్టి ఉండేవాణ్ణి.

"సరే, కొట్టరా" అన్నాను.

వాడు ముద్ర పక్కన పెట్టి, చిత్రికను వెలుగుకెత్తి చూశాడు. ఉలి బయటికొచ్చే సందు ఒక పక్కన వెంట్రుకవాసి ఎక్కువుంది. అక్కడ ముక్క అతికి సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు కొట్టాడు.