నూటికి రెండు రూపాయల మిత్తి





పోయిన పున్నమి నాడు త్రిశరణ పంచశీలాలు అయిపోయి పాయసం పంచుతుంటే ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. నిజామాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. "బిడ్డా, పీఎఫ్ పైసలు రెండు లక్షలు వచ్చినయ్. బ్యాంకుల ఏస్తే మిత్తి ఏం పడ్తలేదు. మా గల్లీల ఒకాయన నూటికి రెండు రూపాయలు ఇస్తనంటుండు. నెలకు నాలుగు వేలు. ఇయ్యాల్నా, వద్దా? బుద్ధుడు గిసుంటియి ఏమన్న చెప్పిండా?" అని అడిగింది.

అప్పటికప్పుడు తోచింది చెప్పి పంపాను. తోచింది చాలదని ఇంటికి వచ్చాక అనిపించింది. అందుకే ఈ ముచ్చట రాస్తున్నాను.

చెప్పాడమ్మా, బుద్ధుడు చెప్పాడు. కోలియుల దేశంలో దీఘజాణు అనే గృహస్థుడు వచ్చి, మేము పెళ్లాం పిల్లలతో బతికేవాళ్లం, బంగారం వెండి ముట్టేవాళ్లం, మాలాంటి వాళ్లకు పనికొచ్చే మాట చెప్పమని అడిగాడు. అడవికి పొమ్మని బుద్ధుడు అతనికి చెప్పలేదు. నాలుగు విషయాలు చెప్పాడు. మొదటిది ఉట్ఠాన సంపద, అంటే కష్టపడి సంపాదించడం. రెండోది ఆరక్ఖ సంపద, సంపాదించినదాన్ని కాపాడుకోవడం. మూడోది మంచి స్నేహితులు. నాలుగోది రాబడికి తగ్గ బతుకు. ఇది అంగుత్తర నికాయంలో ఉంది. ఆ కాలం మనకు ఎక్కడిదో దూరపు ముచ్చట కాదు. అస్సక జనపదానికి రాజధాని అయిన పోదన మన బోధనే అని చాలామంది చరిత్రకారులు అంటారు. అదే అస్సక దేశంలో, గోదావరి ఒడ్డున ఉన్న బావరి తన పదహారుమంది శిష్యులను బుద్ధుని దగ్గరకు పంపిన సంగతి సుత్తనిపాతంలో ఉంది.

రెండోదాని దగ్గర ఆగుదాం. కష్టార్జితం రాజుల పాలు కాకుండా, దొంగల పాలు కాకుండా, నిప్పు కాల్చకుండా, నీళ్లు ముంచకుండా, ఇష్టం లేని వారసులు తీసుకుపోకుండా ఎట్లా అని ఆలోచించాలని చెప్పాడు. ఈ వరుసలో మిత్తి ఎంత వస్తుందన్న మాటే లేదు చూడండి. మొదటి ప్రశ్న, పైసలు ఉంటాయా పోతాయా అన్నదే.

ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ వేసుకోలేదు. మా నాయన చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు. శక్కర్‌నగర్ సైరన్ విని మా ఇంట్లో పొయ్యి ముట్టించేవాళ్లు. నాయన పని వదిలినప్పుడు చేతికి వచ్చిన లక్షా ఎనభై వేలు తెలిసిన ఒక ఫైనాన్సు మనిషి దగ్గర పెట్టారు, ఇదే నూటికి రెండు రూపాయల లెక్కన. పద్నాలుగు నెలలు మిత్తి ఠంచనుగా వచ్చింది. పదిహేనో నెల దుకాణానికి తాళం. మా అమ్మ ఆ తాళం దగ్గరకు పోయి పోయి చెప్పులు అరగదీసుకుంది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీయే మూతపడ్డప్పుడు, చేతిలో నాలుగు పైసలు ఉన్న ఇల్లు ఎట్లా నిలబడ్డది, లేని ఇల్లు ఎట్లా చెదిరింది, బోధన్‌లో మనమందరం కళ్లారా చూశాం.

పెద్ద పెద్ద పేర్లు కూడా నిలవలేదు. 2001లో హైదరాబాద్‌లో కృషి కోఆపరేటివ్ బ్యాంకు కూలింది. తర్వాత అగ్రిగోల్డ్‌లో లక్షలాది మంది పేదల పైసలు ఇరుక్కున్నాయి.

ఇప్పుడు బ్యాంకుల మిత్తి ఎందుకు తగ్గింది? 2025లో రిజర్వు బ్యాంకు తన రెపో రేటును ఆరున్నర శాతం నుంచి దించుకుంటూ వచ్చి డిసెంబర్‌కు 5.25 చేసింది. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతా మీద రెండున్నర శాతమే ఇస్తోంది. అంటే లక్షకు ఏడాదికి రెండు వేల ఐదు వందలు. పెద్దమ్మ బాధ నిజమైనదే. రూపాయి విలువ అంటే అది ఎన్ని సరుకులు కొంటుందన్నదే అని బాబాసాహెబ్ 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాసి వాదించాడు. ధరలు పెరుగుతుంటే పాసుబుక్కులో అంకె అట్లనే ఉన్నా కొనే బియ్యం తగ్గుతాయి. (రిజర్వు బ్యాంకును బాబాసాహెబే పెట్టాడని మనవాళ్లు వేదికల మీద అంటుంటారు. అంత దూరం పోనక్కర్లేదు. ఆయన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు, ఆ కమిషన్ 1926లో కేంద్ర బ్యాంకు కావాలని సిఫారసు చేసింది, 1935 ఏప్రిల్ 1న బ్యాంకు మొదలైంది. ఉన్నది చెప్పుకున్నా మనకు గర్వమే.)

మరి రెండు లక్షలు ఎక్కడ పెట్టాలి? పెద్దమ్మకు అరవై దాటాయి. పోస్టాఫీసులో వృద్ధుల పొదుపు పథకం ఉంది. 2025లో దాని మీద 8.2 శాతం ఇచ్చారు. రెండు లక్షలకు మూడు నెలలకోసారి నాలుగు వేల నూరు రూపాయలు. గల్లీ మనిషి నెలకు ఇస్తానన్నది దాదాపు ఇంతే. అరవై నిండనివాళ్లకు నెలనెలా మిత్తి ఇచ్చే పథకం 7.4 శాతం. ఐదేళ్ల ఆర్డీ 6.7, నెలకు వంద రూపాయలతో కూడా మొదలుపెట్టొచ్చు. ఏడాది కట్టినాక అందులో సగం వరకు అప్పు కూడా ఇస్తారు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య, 8.2. ఈ రేట్లను ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, కట్టేరోజు కౌంటర్‌లో అడగండి. పోస్టాఫీసు పైసలకు ప్రభుత్వమే పూచీ. బ్యాంకులోనైతే అసలు, మిత్తి కలిపి ఐదు లక్షల దాకా బీమా ఉంది, 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. ఊరి సహకార సొసైటీకి గానీ, ఫైనాన్సు దుకాణానికి గానీ ఈ బీమా వర్తించదు. అన్నీ ఒకేచోట కట్టేసి చేతులు దులుపుకోకండి. మూడు నెలల బియ్యం, మందుల ఖర్చు సేవింగ్స్ ఖాతాలోనే ఉండాలి, మిత్తి తక్కువైనా సరే.

సిగాలుడికి బుద్ధుడు రాబడిని నాలుగు పాళ్లు చేయమన్నాడు. ఒక పాలు తినడానికి, రెండు పాళ్లు పనిలో పెట్టడానికి, నాలుగోది ఆపద కోసం దాచడానికి. సిగాలుడు కలిగిన ఇంటి పిల్లవాడు. వెయ్యి బీడీలు చుట్టి కూలి తెచ్చుకునే ఇంట్లో నాలుగో పాలు ఎక్కడిది? వంద రూపాయలు మిగిలితే వందే దాచండి, తప్పులేదు.

ఇక గల్లీ మనిషి సంగతి. పెద్దమ్మకు నెలకు నాలుగు వేలు అతను ఎక్కణ్నుంచి తెస్తాడు? గిరిగిరి ఇచ్చి. కూరగాయల బండి అక్కకు పది వేలని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. ఆ అక్క మన వాడలోదే, రేపు మన విహారంలో పక్కన కూర్చునేదే. చేయకూడని ఐదు వ్యాపారాలలో బుద్ధుడు మిత్తి వ్యాపారాన్ని లెక్కించలేదు, నిజమే. కానీ గృహస్థుడి నాలుగు సుఖాలను అనాథపిండికుడికి చెప్పినప్పుడు అప్పు లేకపోవడాన్ని ఒక సుఖంగా చెప్పాడు. పేదవాడికి అప్పు, మిత్తి, ఇంటి ముందు నిలబడి అడిగేవాడు, అన్నీ దుఃఖమే అని మరోచోట వరుసగా వివరించాడు. నా సుఖం కోసం ఇంకొకరి వాకిట్లో ఆ దుఃఖాన్ని నిలబెట్టొచ్చా? నా మట్టుకు నేను వద్దంటాను. మహిళా సంఘంలో పొదుపు వేరు. అక్కడ లెక్క అందరి ముందు చదువుతారు, మిత్తి తిరిగి మన పెట్టెలోకే వస్తుంది. చిట్టీ వేస్తే రిజిస్టరైనదో కాదో చూసి వేయండి.

దీఘజాణుకు బుద్ధుడు చెరువు పోలిక చెప్పాడు. నీళ్లు వచ్చే దారులు నాలుగు, పోయే దారులు నాలుగు. వచ్చేవి మూసి పోయేవి తెరిస్తే, వాన లేకపోతే, చెరువు ఎండిపోతుంది. నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పండించిన మనకు ఇది విడమరచి చెప్పాలా? పోయే దారులు వ్యభిచారం, తాగుడు, జూదం, చెడు సావాసం. మిత్తి ఒక శాతం తగ్గిందని బాధపడే ఇంట్లోనే సాయంత్రానికి వైన్సులో పోయేదెంతో ఒక నెల రాసి చూడండి.

మళ్లీ కలిసినప్పుడు పెద్దమ్మ ఇంకో మాట చెప్పింది. కొడుకు గల్ఫ్ ఏజెంటుకు కట్టాలని ఆ రెండు లక్షలే అడుగుతున్నాడట. "నా పైసలు గదా బిడ్డా, ఇయ్యకపోతే పాపమా?" అంది. వారసుల గురించి బుద్ధుడు ఊరికే చెప్పలేదు. లైసెన్సు ఉన్న ఏజెంటా కాదా ముందు కనుక్కోమన్నాను. పాపం ఏమీ లేదని కూడా చెప్పాను. లక్షన్నర పోస్టాఫీసులో కట్టింది, యాభై వేలు ఉంచుకుంది. నామినీ గడిలో బిడ్డ పేరు రాయించింది.

వచ్చే పున్నమికి పాసుబుక్కులు తెచ్చుకోండి. నామినీ పేరు లేనివాళ్లకు ఫారాలు నింపి పెడతాను.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.