పొదుపులో వెలసిన లక్ష్మి

నెల్లూరులో పెన్నానది యొడ్డున శ్రీ తల్పగిరి రంగనాథస్వామివారిని సేవించుకొని, ఆ పిమ్మట మైపాడునకు సముద్రస్నానార్థము పోవు యాత్రికులు త్రోవలో చాచిన చేతులలో నాణెములు వేయుట పరిపాటి. ఆ దానమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఆకలిగొన్నవానికి వేదాంతము చెప్పరాదు. అయినను, ఇచ్చువాని చేయి ఎల్లప్పుడు పైన, పుచ్చుకొనువాని చేయి ఎల్లప్పుడు క్రింద ఉండుట ధర్మమేనా యను సందేహము నన్ను చిరకాలముగా వేధించుచున్నది. శ్రీమన్నారాయణుడంతటివాడే బలిచక్రవర్తి యెదుట చేయి చాపవలసివచ్చినప్పుడు వామనుడు కావలసివచ్చెను గదా!

ఈ సందేహమునకు సమాధానము నాకు గ్రంథములలో కంటె మన జిల్లా పల్లెపడుచుల నడవడిలో ఎక్కువగా కనబడినది. 1990 తరువాత జిల్లాలో అక్షరదీపమను పేర సాక్షరతోద్యమము నడచెను. రాత్రిబడిలో అక్షరములు దిద్దిన స్త్రీలు తమ యిండ్ల కష్టార్జితము సారా అంగడి పాలగుటను గూర్చి తలపోసిరి. 1992లో దూబగుంట స్త్రీలు ఊరిలో సారా అమ్మకమును మాన్పించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. అంగడికి పోవు రూపాయి ఇంట నిలిచినప్పుడు దానినేమి చేయవలెను? దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టుకొను సంఘములు మెట్టపల్లెలలోను, తీరగ్రామములలోను వెలసినవి. వానికి పెట్టిన పేరు పొదుపులక్ష్మి. పేరు పెట్టినవారికి నమస్కరింపవలెను.

చేపలగంప నెత్తికెత్తుకొను మత్స్యకార స్త్రీ తెల్లవారుజామున రోజువడ్డీకి సొమ్ము తెచ్చినచో, సాయంకాలమునకు లాభములో పెద్దభాగము ఋణదాతకే చెల్లును. సంఘమునుండి తెచ్చినచో వడ్డీ సంఘపు పెట్టెలోనికే తిరిగివచ్చును. అందు ఆమెకును పాలు కలదు. ఇక్కడ దాత యెవరు, గ్రహీత యెవరు? ఈ నెల అప్పు పుచ్చుకొన్నయామె వచ్చు నెల అప్పిచ్చువారిలో నొకతె. తీర్థగోష్ఠిలో నిలిచిన శ్రీవైష్ణవులవలె అందరును ఒక్క వరుసవారే.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. పేదలకు అప్పిచ్చుట పరులకు లాభసాటి వర్తకమైన పిమ్మట సంఘపు కట్టుబాటే కొందరికి ఉరిత్రాడైనది. ఒకతె వాయిదా తప్పినచో తక్కినవారు ఆమె వాకిట బైఠాయించిరి. 2010 అక్టోబరులో సూక్ష్మఋణ సంస్థలను అదుపుచేయుటకై రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. రెండుచోట్లను అప్పే, రెండుచోట్లను వడ్డీయే. ఆ వడ్డీ ఎవరి యింటికి పోవుచున్నది, బిడ్డకు జ్వరము వచ్చిన వారమున వాయిదా ఆపగలవారెవరు అని అడిగినచో భేదము తెలియును. సంఘమునందైనను అహంకారము జొరబడదని నేను చెప్పజాలను. పెట్టె తాళము ఎవరియొద్ద నుండవలెనను తగవు భక్తబృందములలోనే కలదు గదా!

ఇక మన సంగతి. గుడిమెట్లపై పూలమ్ముకొను స్త్రీతో బేరమాడి అయిదు రూపాయలు తగ్గించుకొని, ఆ అయిదు రూపాయలనే ఆవల చాచిన చేతిలో వేసి పుణ్యము దక్కెనని సంతసించువారిని చూచితిని. నేనును అట్లే చేసితిని. ఆమె ఏ సంఘములో సభ్యురాలో, ఆ దినపు పొదుపునకు ఆమెకెంత తక్కువైనదో అడుగవలెనని నాకప్పుడు తోచలేదు.