పై పొలం నీళ్లు

కర్ణాటకలోని మట్మారి స్టేషన్‌కు అవతల పల్లంలో మా రేగడి చేను. నిరుడు ఎగువ పొలాన్ని చదును చేసి ప్లాట్లు వేశారు. గట్లు తీసేశారు, వంక పూడ్చారు. మొదటి గట్టి వానకే మా కందిచేను మీద జానెడు మట్టి మేట వేసింది. మొలకలన్నీ దాని కిందే పోయాయి.

వాన దేవుడిచ్చాడు. దాన్ని నా చేను మీదికి తోసిన పాపం ఎవరిది? 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చడానికి జిల్లాధికారి అనుమతి కావాలంది. కానీ కాగితానికి సర్వే నంబరు హద్దు, నీటికి వాలే హద్దు.

మన పెద్దలు చెరువును సప్తసంతానాల్లో ఒకటిగా, కన్నబిడ్డతో సమానంగా ఎంచారు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల శాసనం (1369) చెరువు పుణ్యం చెప్పి ఊరుకోలేదు, పన్నెండు అంగాలు, ఆరు దోషాలు కూడా లెక్కగట్టింది. నాకు దానిమీద గౌరవం అందుకే: కట్టే తీరులోనూ ధర్మం చూసింది. మరి వంక పూడ్చడం దోషం కాదా?

అయితే మా నాన్న హయాంలో మేమూ వాలు వెంబడే దున్నాం. మా మట్టి కింది చేలోకి పోయింది. ఆ చేను పెద్దాయన ఒక్క మాట అనలేదు, మేమూ వాన చేసిన పనే అనుకున్నాం.

ఈ ఏడు గట్టు మీద వట్టివేరు నాటాను. వంక తెరవమని ప్లాట్లవాళ్లను రెండుసార్లు అడిగాను. రేపు మళ్లీ వెళ్తాను.