తెలిసినవాళ్ల వంతు

పామిడి

చిరంజీవి లక్ష్మీసమానురాలైన మనమరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

పై చదువుకు నీకు అమెరికా వీసా వచ్చిందని మీ అమ్మ చెప్పిన రోజు అంగట్లో ఉన్నవాళ్లందరికీ చక్కెర పంచాను. మీ అవ్వ భోగేశ్వరుడి గుడిలో టెంకాయ కొట్టించింది. మొన్న నువ్వు ఫోన్‌లో, "మీరు మామ దగ్గరికి పోయేటప్పుడు విమానం అంత లేటయిందంట కదా తాతా, పిల్లోళ్లతో ఎట్ల తట్టుకున్నారు?" అని అడిగావు. వచ్చినాక చెప్తాలే అన్నాను. నువ్వు బయలుదేరేలోపు నింపాదిగా కూర్చుని మాట్లాడే తీరిక దొరుకుతుందో లేదో. పైగా ఇది దగ్గర పెట్టుకుని అప్పుడప్పుడు తీసి చదువుకోవలసిన సంగతి. అందుకే రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను పాపా. విమానం ఆలస్యమైన చోట ఏం జరుగుతోందో తెలిసినవాళ్లు కొందరుంటారు, ఏమీ తెలియనివాళ్లు కొందరుంటారు. ఇద్దరూ టిక్కెట్టు కొన్నవాళ్లే, ఇద్దరికీ నిద్ర లేదు. కానీ తెలియనివాళ్ల మీద అలసటతో పాటు భయం కూడా పడుతుంది. నీకు ఇంగ్లీషు వచ్చు, ఫోన్‌లో నియమాలు వెతుక్కోవడం వచ్చు, నలుగురి ముందు నోరు విప్పడం వచ్చు. ఆ చదువు నీకొక్కదానికే ఉపయోగపడితే చాలదు. ఆ పూట అది నీ పక్కన నిలబడినవాళ్లకు కూడా చెందుతుంది.

మన ఊరి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే దేవనహళ్లి విమానాశ్రయం ఉంది. అనంతపురం, పెనుకొండ దాటి పోతే బెంగళూరు నగరంలో అడుగు పెట్టకముందే వస్తుంది. 2008లో అది తెరిచాక మన సీమవాళ్లకు పరదేశాలు దగ్గరయ్యాయి. అక్కడినుంచి గల్ఫ్‌కు ఎగిరే విమానంలో రెండు రకాల తెలుగువాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. డల్లాస్‌లో కొడుకు ఇంటికి పోయే మాలాంటివాళ్లు కొందరు. కదిరి, రాయచోటి వైపునుంచి కువైట్‌లో ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు కొందరు. గల్ఫ్‌లో దిగాక ఎవరి విమానం వాళ్లు మారతారు. అంతవరకూ అందరిదీ ఒకటే ప్రయాణం.

మా విమానం తెల్లవారుజామున ఎగరాలి. మీ అత్త, పిల్లలిద్దరు, మీ అవ్వ, నేను రాత్రే చేరుకున్నాం. లగేజీ వేసి, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చున్నాం. పిలిచారు, ఎక్కాం, బెల్టు పెట్టుకున్నాం. తలుపు వేసి చాలాసేపు అట్లాగే ఉంచారు. చిన్నోడు నిద్రలోకి జారుకున్నాక, సాంకేతిక లోపం ఉంది, అందరూ దిగాలి అన్నారు. దిగాం. గంటకు ఒక మాట చెప్పారు. ఒకసారి మరమ్మతు అన్నారు, ఒకసారి పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయి, వేరే పైలట్లు రావాలి అన్నారు. ప్రకటనలు ఇంగ్లీషులో, హిందీలో, కన్నడంలో వచ్చాయి. అనంతపురంవాణ్ణి కాబట్టి కన్నడం పట్టుకుని నేను సగం అర్థం చేసుకున్నాను. రాయచోటి వైపు ఆడవాళ్లకు అదీ లేదు. జనం లేస్తే వాళ్లు లేచారు, కూర్చుంటే కూర్చున్నారు.

తెల్లవారాక గేటు దగ్గర ఒక బల్ల వేసి టిఫిన్ పొట్లాలు పెట్టారు. అందరూ తీసుకున్నారు, వాళ్లు తీసుకోలేదు. మీ అత్త గమనించి, "ఏమక్కా, తినలేదే?" అని అడిగింది. "ఎంత తీసుకుంటారో ఏమో తల్లీ, మా కాడ లెక్క లేదు" అంది వాళ్లలో పెద్దావిడ. అది ఊరకే ఇస్తున్నారని వాళ్లకు చెప్పినవాళ్లే లేరు. చుట్టూ అంత మంది చదువుకున్న తెలుగువాళ్లం ఉన్నాం.

మీ అత్త వాళ్లకు పొట్లాలు తెచ్చిచ్చి, బోర్డింగ్ పాసులు అడిగి చూసింది. అందరికీ కువైట్ విమానం తప్పిపోయేట్టుంది. వాళ్ల కాగితాలు, మావి కలిపి పట్టుకుని కౌంటర్ దగ్గరికి పోయింది. అరవలేదు. మూడే మాటలు అడిగింది. ఆలస్యానికి కారణం ఏమిటి, మాకు ఇవ్వవలసిన సదుపాయాలేమిటి, తప్పిపోయే తర్వాతి విమానం బదులు మమ్మల్ని దేంట్లో ఎక్కిస్తారు. జవాబు రాతపూర్వకంగా కావాలంది. అక్కడున్న అమ్మాయి చేతిలో లేని విషయమని తెలిసి, డ్యూటీ మేనేజర్‌ను పిలవమంది. ఆయన వచ్చాడు, కొత్త విమానాల వివరం కాగితం మీద రాసిచ్చాడు. మీ అత్త ఆ వివరాలను ఒక్కొక్కరికీ తెలుగులో చెప్పి, కువైట్‌లో వాళ్ల యజమానులకు ఫోన్ కలిపి ఇచ్చింది. అప్పటిదాకా వాళ్ల ముఖాల్లో కనబడిన బెదురు తగ్గింది.

ఆ మూడు మాటలు అడగాలంటే ముందు నియమం తెలిసి ఉండాలి పాపా. నువ్వు బయలుదేరేలోపు తెలుసుకో. విమాన ప్రయాణాలను నియంత్రించే మన డీజీసీఏ ఆలస్యాల గురించి 2010లో నియమాలు తెచ్చింది, తర్వాత సవరించింది. రెండున్నర గంటలలోపు ప్రయాణమైతే 2 గంటలు, అయిదు గంటలలోపు దానికి 3 గంటలు, అంతకు మించినదానికి 4 గంటలు ఆలస్యమైతే తిండి, పానీయాలు ఇవ్వాలి. 24 గంటలు దాటితే హోటల్ వసతి ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయలుదేరవలసిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైనా వసతి ఇవ్వాలి. వాతావరణంలాగా కంపెనీ చేతిలో లేని కారణాలకు మినహాయింపులున్నాయి. అందుకే కారణం అడిగి రాయించుకోవడం ముఖ్యం. దేశాల మధ్య ప్రయాణానికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది, మన దేశం 2009లో అందులో చేరింది. ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని రుజువు చేస్తే పరిహారం అడగవచ్చు. నివారించడానికి చేయగలిగినదంతా చేశామని కంపెనీ నిరూపిస్తే అది దక్కదు. వినకపోతే పౌర విమానయాన శాఖవారి ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టవచ్చు. ఇంకొకటి. రెండు విమానాలూ ఒకే టిక్కెట్టు మీద కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు మరో విమానం చూపించే బాధ్యత కంపెనీది. డబ్బు మిగులుతుందని వేర్వేరుగా కొంటే ఆ భారం నీదే.

నియమాలు తెలిసినా ఎదురుచూపు తప్పదు. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఎదురుచూడటం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ మన రైతు ఆకాశం చూస్తూ ఊరకే కూర్చోడు. దుక్కి దున్ని, విత్తనం కాయలు ఒలిచి పెట్టుకుని చూస్తాడు. నీ ఓర్పు కూడా అట్లా ఉండాలి. నోరు మూసుకుని పడి ఉండటాన్ని ఓర్పు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. అడగవలసింది అడుగు, అడగవలసినవాణ్ణి అడుగు, గొంతు పెంచకుండా అడుగు.

గొంతు పెంచినవాళ్లనూ చూశాను. మంచి ఉద్యోగంలో ఉన్నవాడిలా కనబడే ఒకాయన, కౌంటర్ దగ్గరున్న అమ్మాయిని అందరూ వినేట్టు అనరాని మాటలన్నాడు. ఆ పిల్లకు నీ వయసే ఉంటుంది. విమానం చెడగొట్టింది ఆమె కాదు, బాగుచేయగలిగేదీ ఆమె కాదు. పై అధికారులు లోపల కూర్చుంటే జనం కోపానికి ఎదురు నిలబడటానికి ఆమెను పెట్టారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆయన పని మాత్రం కాలేదు. రేపు నువ్వు అమెరికాలో చదువుకుంటూ ఏదో ఒక కౌంటర్ వెనకాల నిలబడి పని చేయవచ్చు. మనకంటే బలహీనుల మీద చూపే కోపం న్యాయమైన కోపం కాదు పాపా, ఎంత నష్టం జరిగినా కాదు.

పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయన్నప్పుడు కూడా చాలామంది గొణిగారు. ఇంకో నాలుగు గంటలు నడిపితే ఏం పోతుందన్నారు. ఏం పోతుందో 2010 మే 22న మంగళూరులో తెలిసింది. దుబాయ్ నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలోకి పోయింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. ప్రయాణంలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయాడనీ, ఆ నిద్రమత్తు అతని నిర్ణయం మీద పడిందనీ, దిగవద్దు, మళ్లీ పైకి లేపమని కో-పైలట్ చెప్పినా వినలేదనీ విచారణలో తేలింది. ఆ విమానంలో గల్ఫ్‌లో కష్టపడి సొంతూరికి వస్తున్న కుటుంబాలున్నాయి. అలసిన కన్ను ఆకాశంలో ఎంత ప్రమాదమో తెలిసినవాళ్లు, విశ్రాంతి తీసుకున్న పైలట్ కోసం ఆగడాన్ని నష్టంగా లెక్కపెట్టరు. నేల మీద బయటపడిన లోపం మనల్ని కాపాడిన లోపం. సమాచారం ఇవ్వకపోతే నిలదీయి, తిండి పెట్టకపోతే నిలదీయి. జాగ్రత్త కోసం తీసుకున్న సమయాన్ని మాత్రం తప్పుపట్టకు.

ఇంకొక సంగతి మన తెలుగు ఇళ్లలో చాలామంది నిస్సంకోచంగా చేస్తున్నదే, అయినా చెప్పక తప్పదు. కూతురి పురిటికో, మనవళ్లను చూడటానికో అమెరికా పోయే పెద్దవాళ్లకు, కాళ్లు బాగానే ఉన్నా, భాష రాదని పిల్లలు వీల్‌చెయిర్ పెట్టిస్తారు. తోసేవాళ్లు వెంట ఉండి అన్ని కౌంటర్లూ దాటిస్తారని ఆశ. ఆ భయం నాకు తెలుసు, తప్పుపట్టడం లేదు. కానీ విమానాశ్రయంలో కుర్చీలూ తోసేవాళ్లూ కొందరే ఉంటారు. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబయిలో దిగిన 80 ఏళ్ల పెద్దాయనకు, భార్యకు ఒక్క కుర్చీయే దొరికింది. ఆయన భార్య వెంట నడిచి, ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయాడు. కుర్చీలు చాలినన్ని పెట్టనందుకు డీజీసీఏ ఆ విమాన సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. అవసరం లేని కుర్చీ అడిగే ముందు ఆయన్ని గుర్తుచేసుకోవాలి. భాష రానివాళ్లకు వెంట మనిషిని పంపే సేవ కొన్ని సంస్థల్లో ఉంది, అది అడగవచ్చు. అంతకంటే సులువైనది నీలాంటి పిల్ల ఒక్కతి, "మీరు కూడా డల్లాస్‌కేనా పెద్దమ్మా, నాతో రండి" అనడం. పదిమంది చదువుకున్న పిల్లలు ఆ మాట అంటే, నడవగలిగినవాళ్లు కుర్చీ అడగరు.

ఇలా పక్కవాళ్లను వెంటబెట్టుకోవడం చిన్న పనే, పెద్ద ఆపదలో కూడా ఇదే పనికొస్తుంది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ లక్షన్నరకు పైగా భారతీయులు చిక్కుకున్నారు. మన కడప వైపువాళ్లూ అందులో ఉన్నారు. బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిరిండియా విమానాల్లో ఇంటికొచ్చారు. ఆ విమానాల లెక్క చరిత్రకెక్కింది. విమానం దాకా జనాన్ని చేర్చినవాళ్ల పని అంతగా ఎక్కలేదు. అక్కడి భారతీయులు తమలో తామే కమిటీలు కట్టుకుని తిండి, బస, బస్సులు చూసుకున్నారు. సన్నీ అని అందరూ పిలిచే మలయాళీ వ్యాపారి మత్తుణ్ణి మాథ్యూస్ వాళ్లలో ముందు నిలిచాడు. పలుకుబడి ఉన్నవాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకుని ఉంటే, కూలికి పోయినవాళ్లు ఆ ఎడారిలో ఏమైపోయేవాళ్లో.

మధ్యాహ్నానికి మమ్మల్ని రెండోసారి ఎక్కించారు. మొదటిసారి వరుసలో నిలబడ్డ జనం ఈసారి తోసుకున్నారు. వీల్‌చెయిర్లవాళ్లను, చంటిపిల్లల తల్లులను ముందు పిలిస్తే, పిలవనివాళ్లు కూడా గేటుకు అడ్డం నిలబడ్డారు. అందరూ ఎక్కితేగాని తలుపు వెయ్యరు, ముందెక్కినవాడు ముందు చేరడు. మీ అత్త పిల్లల్ని పక్కన నిలబెట్టి, రాయచోటి వాళ్లను తమ వంతుకు పంపి, మా వంతు వచ్చాక కదిలింది. పెద్దోడు "మనకూ చిన్నోడున్నాడు కదమ్మా, ముందే పోదాం" అన్నాడు. వాళ్లకు లోపల సీటు నంబరు చూపించేవాళ్లు లేరని తల్లి చెప్పింది. లోపలికి పోయాక ఆ పిల్లోడే ఒకావిడకు సీటు వెతికి చూపించాడు. నీతులు పుస్తకాల్లోంచి వస్తాయనుకుంటాం. పిల్లలు అలసిన పెద్దల నడవడి నుంచి నేర్చుకుంటారు.

ఇంట్లో సుఖంగా ఉన్నప్పుడు మంచితనం ఎవరికైనా వస్తుంది. నిద్ర లేక, ఆకలేసి, చేరవలసిన చోటు దూరమైనప్పుడు నిలిచే మంచితనమే నమ్మదగ్గది. నువ్వు అలాంటిదానివని నా నమ్మకం. పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకో. నియమాలు ముఖ్యమైనవి తెలుగులో ఒక కాగితం మీద రాసుకో, పక్కనున్నవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. గేటు దగ్గర కూర్చున్నాక ఒక్కసారి చుట్టూ చూడు. బోర్డు చదవలేక మనుషుల ముఖాలు చదువుతున్నవాళ్లు ఒకరైనా కనబడతారు. విమానం ఆలస్యమైనా కాకపోయినా వాళ్ల పక్కకు పోయి కూర్చో. ఏ ఊరని అడుగు, నీ ఊరు పామిడి అని చెప్పు. తర్వాత ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది.

మీ అమ్మానాన్నలకు మా ఆశీస్సులు చెప్పు. బయలుదేరే ముందు ఒక పూట వచ్చి పో, మీ అవ్వ ఓళిగలు చేసి పెడతానంటోంది.

ఇట్లు,
నీ మేలు కోరే
తాత