హెబ్రోనులో జరిగిన నిబంధన

ధ్యాన భాగము: 2 సమూయేలు 5:1–3



దావీదును దేవుడు ముందే ఏర్పరచుకొనెను; సమూయేలు బేత్లెహేములో అతనిని అభిషేకించెను. అయినను ఇశ్రాయేలు పెద్దలు హెబ్రోనునకు వచ్చి, దేవుని సన్నిధిని అతనితో నిబంధన చేసికొనిన పిమ్మటనే అతడు వారందరికి రాజాయెను. దేవుని ఏర్పాటు ప్రజల సమ్మతిని త్రోసివేయలేదు.

స్కాట్లండులో ఆన్‌వొత్ అను పల్లె సంఘమునకు కాపరిగా నుండిన సమూయేలు రూథర్‌ఫర్డు ఈ సంగతిని గట్టిగా పట్టుకొనెను. రాజు దేవునికే గాని ప్రజలకు లెక్క చెప్పనక్కరలేదని స్టూవర్టు రాజులు చెప్పుకొనుచున్న దినములవి. 1644లో ఆయన ‘లెక్స్ రెక్స్’, అనగా ‘చట్టము, రాజు’ అను గ్రంథమును ప్రకటించెను. అధికారము దేవునినుండి కలిగినను ప్రజల చేతిమీదుగా పాలకునికి వచ్చును. షరతుతో ఇచ్చినది గనుక, షరతు మీరినవాని చేతినుండి తిరిగి తీసికొనవచ్చునని వాదించెను. 1660లో రాజరికము మరల నెలకొనగానే ఆ గ్రంథమును తలారిచేత కాల్పించిరి. రాజద్రోహ నేరముపై ఆయనకు పిలుపు వచ్చెను. విచారణకు ముందే 1661లో ఆయన ప్రభువునందు నిద్రించెను.

పుస్తకము కాలినను తలంపు కాలలేదు. ప్రజలు తమ హక్కులను పాలకునికి ఒకమారు ధారపోసిన తరువాత మరల అడుగరాదని 1651లో హాబ్స్ వ్రాసెను. ప్రభుత్వము ప్రజలు నమ్మి అప్పగించిన సొత్తని 1689లో లాక్ వ్రాసెను. సార్వభౌమాధికారము ప్రజలదే, దానిని ఎవరికిని ధారాదత్తము చేయరాదని 1762లో రూసో వ్రాసెను.

ప్రియులారా, షెకెములో ప్రజలు కాడిని తేలిక చేయుమని వేడగా రెహబాము పెడచెవిని పెట్టెను. పది గోత్రములు పోయెను. పాలకులకు ఇది హెచ్చరిక. మరి ప్రజలకు? ఇతర జనములవలె మాకును రాజు కావలెనని సమూయేలును బలవంతపెట్టినది ప్రజలే. బరబ్బను కోరుకొనినది కూడ జనసమూహమే. అధికారము మన చేతిలో నున్నంత మాత్రమున మన తీర్పు న్యాయమైనది కాదు. హెబ్రోనులో రాజును ప్రజలును ఉభయులు దేవుని యెదుట నిలిచిరి. అందుచేతనే ఆ నిబంధన ఇరుపక్షములను బంధించెను.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ప్రజల పేరనే ఆరంభమగుచున్నది. ఓటును రూపాయలకు అమ్ముకొనువాడు తన పొరుగువాని పాలును కూడ అమ్మివేయుచున్నాడు. ఓటు వేసి ఇంటికిపోయి, అయిదేండ్లు నోరు మెదపనివాడు నిబంధనలో తన భాగమును మరచినవాడు. ఏలువారికొరకు ప్రార్థించుదము, వారిని లెక్క అడుగుదము, మనమును దేవునికి లెక్క అప్పగింపవలసినవారమని జ్ఞాపకముంచుకొందము. ఆమేన్.