ఎవరిదీ కాని బల్ల

నా చదువుకొను దినములలో పాలమూరు క్లాక్ టవరునకు కొంత దూరమున ఒక చాయ్ హోటలుండెను. హోటలని పెద్ద పేరే గాని, అది పొగచూరిన పైకప్పు గల పొడవాటి గది. ఆ గదిలో చలువరాతి పలకలు పరచిన నాలుగు బల్లలు, గల్లాపెట్టె వెనుక మాలిక్, ఆయన తలపై ఎల్లవేళల ఉర్దూలో మాటలాడు రేడియో. ఉదయమున వచ్చిన దినపత్రికను మాలిక్ తానే విడి కాగితములుగా చేసి నాలుగు బల్లలపై వేయుచుండెడివాడు. మొదటి పుటలోని వార్త నాలుగవ పుటకు పోయినచో, దాని శేషముకొరకు ఎదుటి బల్లపై వృద్ధుడు సాసరులోని చాయను ఊది ఊది త్రాగి ముగించువరకు కాచుకొనియుండవలసినదే. ఆ కాచుకొనుటయందే మాట కలిసెడిది. ఆనాటి వార్తలలో ఒక్కటియు నాకిప్పుడు గుర్తు లేదు. ఆ నిరీక్షణము మాత్రము గుర్తున్నది.

నిరుడు శ్రావణమున పనియుండి పాలమూరు పోగా, కాళ్లు వాటంతటవే అటు నడచినవి. ఆ స్థలమున సెల్‌ఫోన్ల దుకాణము. “గీడ హోటల్ ఉండెనా సార్? నాకెర్క లేదు. మేం కిరాయికి దిగి ఆరేండ్లాయె” అని దుకాణములోని పిల్లవాడు మర్యాదగానే చెప్పి, “మీకేం కావాలె?” అనెను. ఏమియు వద్దనుటకు మొగమాటమై, ఫోనునకు స్క్రీన్ గార్డొకటి వేయించుకొని బయటపడితిని.

ఇంటికి వచ్చిన పిదప గాని లోపలి బాధ తలయెత్తలేదు. దీనిని మన పెద్దలు మోహమని ఒక్కమాటతో తేల్చివేయుదురు: అశాశ్వతమును శాశ్వతమని భ్రమించి, ‘నాది’ అని పట్టుకొనుటవలన కలుగు తాపము. ఇల్లు, పొలము, బిడ్డలు, తుదకు ఈ దేహము, వీనియందలి మమకారమునకు శాస్త్రములు చెప్పిన చికిత్సను నేను విననివాడను కాను. కాని ఆ బల్ల నాదని నేనెన్నడును తలపలేదే! ముందు వచ్చినవానిది అది. పౌనా చాయ్ ముగియగానే వానిదియు కాదు. స్వామిత్వమే లేనిచోట మమకారమెట్లు మొలచును? పోగొట్టుకొనుటకు ముందు కలిగియుండవలెను గదా! విడువవలసినవానిని గూర్చి వైరాగ్యబోధకులు విస్తరించి చెప్పిరి. ఎన్నడును పట్టుకొననిదానిని ఎట్లు విడువవలెనో నేను చదివినంతలో ఎవరును చెప్పలేదు.

హోటలు లేకున్నను ఆ స్థలమే యని పోల్చుకొంటిని గదా; ‘ఆనాటి దేవదత్తుడే ఈ దేవదత్తుడు’ అని పోల్చుకొనుటకు శాస్త్రకారులు ప్రత్యభిజ్ఞ యని పేరు పెట్టిరి. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము రెండవ పాదమునకు భాష్యము వ్రాయుచు శంకరులు, సర్వమును క్షణికమను బౌద్ధులను, చూచినవాడును స్మరించువాడును ఒక్కడే కానిచో స్మృతి యెట్లు పొసగునని నిలదీసిరి. బౌద్ధులకు సమాధానము లేకపోలేదు: దీపశిఖ క్షణక్షణమునకు వేరైనను పోలికచేత ఒక్కటే దీపమనుకొనుచున్నాము, కత్తిరించిన గోళ్లు మరల పెరిగినచో అవే గోళ్లనుచున్నాము. (శూన్యమును బోధించిన ఆచార్యుని పేరు, నల్లగొండ సరిహద్దున నిండుకుండవలె నిలిచిన జలాశయమునకు పెట్టుట మన కాలపు చమత్కారము.) పురములు ఏ పక్షమునకు సాక్ష్యమిచ్చునో చెప్పుట కష్టము. 1890లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేర మహబూబ్‌నగరమైనను, 2016 అక్టోబరులో పాత జిల్లా ముక్కలైనను, మా నోట పాలమూరు పాలమూరుగానే యున్నది. పేరు నిలిచినచో వస్తువు నిలిచినట్లేనా?

కూడవెల్లి సంగమేశ్వరాలయము కథ ఇక్కడ నన్ను వెంటాడును. శ్రీశైలము జలాశయమున మునుగనున్న ఆ చాళుక్య నిర్మాణమును రాయి రాయిగా విప్పి, అలంపురమునకు తెచ్చి, మరల పేర్చి నిలిపిరి. మెచ్చదగిన పని; శిల్పము దక్కినది, లింగము దక్కినది. అయినను కృష్ణా తుంగభద్రలు కలియు చోట వెలసినందుననే గదా ఆయన సంగమేశ్వరుడైనది! ఇపుడు సంగమమొక చోట, ఈశ్వరుడొక చోట. రాయినైతే మోసుకొనిపోవచ్చును, పొరుగును మోసుకొనిపోలేము. నా బల్లలు నాలుగును ఏ పాతసామాను కొట్టులోనో దొరికి, వానిని తెచ్చి నా వరండాలో వేసికొన్నను, అవి బల్లలే యగును గాని హోటలు కాదు. మాలిక్ నన్ను గుమ్మమున చూచుటతోడనే లోపలికి “ఏక్ పౌనా, మలాయి కమ్” అని కేకవేసెడివాడు. ప్రత్యభిజ్ఞను గూర్చి వాదించిన పండితులు, నేను చదివినంతలో, దేవదత్తుని గుర్తించువాని పక్షముననే మాటలాడిరి. గుర్తింపబడు దేవదత్తుని స్థితి యేమో పట్టించుకొనినట్లు లేదు. ఆ కేక వినబడినంత కాలము నేనెవడనను వేదాంతప్రశ్న నాకెన్నడును కలుగలేదు.

నల్లగొండ చెంత పానగల్లులో ఛాయాసోమేశ్వరుడున్నాడు. కందూరు చోళుల కాలపు త్రికూటాలయమది. అందొక గర్భాలయమున లింగముపై స్తంభాకారమైన నీడ పగలంతయు కదలక నిలిచియుండును. ఎండ నేరుగా పడక, బయటి వెలుతురు చెదరి స్తంభముల నడుమనుండి లోనికి వచ్చుటచేత, సూర్యునితోపాటు ఆ నీడ జరుగదని భౌతికశాస్త్రమెరిగినవారు చెప్పుదురు. అక్కడ నిలుచుండి, ఈ నీడ ఏ స్తంభముదని వెదుకబోయి, నా బాధయు ఇట్టిదే గదా యనుకొంటిని: అది రేడియో నీడ కాదు, మాలిక్ నీడ కాదు, వృద్ధుని సాసరు నీడయు కాదు. చాయకును ఛాయకును భేదము ఒక్క వత్తే యని తోచి గుడిలో నవ్వు వచ్చినది.

ఇంతవరకు వ్రాసి చదువుకొనగా నా మాటపై నాకే అనుమానము కలిగినది. ఎవరిదీ కాని బల్ల యని గొప్పగా అంటిని. అది అందరిదియు కాదు. ఆ గదిలో ఒక స్త్రీ కూర్చుండగా నేనెన్నడును చూడలేదు. పట్టణము దాటి పల్లెకు పోయినచో, ఎన్నో హోటళ్లలో దళితులకు వేరు గ్లాసులు. త్రాగినవాడు తానే కడిగి చూరులో పెట్టి పోవలెను. ఆ గ్లాసులను నేను చూచితిని, చూచియు నా చాయ నేను త్రాగితిని. పోయినదానిని తలచుకొను మనస్సు తనకు కావలసిన బల్లను తుడిచి పెట్టుకొని, చూరువైపు కన్నెత్తదు. కనుక శాస్త్రము మోహమన్నది తప్పు కాదేమో. ‘నాది’ యనుటలో గాక, ‘అందరిది’ యనుటలో ఆ మోహమున్నదేమో.

హోటలు గడప తొక్కని మా పెద్దమ్మకు మర్రిగూడ దిక్కున అట్టి స్థలము బోరింగు. తెల్లవారకముందే బిందెలు వరుస కట్టును. మనిషి రాకున్నను బిందె ఆమె వంతు కాచును. కోడండ్ల మీద ఫిర్యాదులు, పెండ్లి సంబంధములు, అప్పు తీర్చనివారి పేర్లు, అన్నియు ఆ చేతిపంపు సవ్వడిలోనే నడచెడివి. ఆ నీరు మాత్రము విషము. త్రాగు నీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదందురు. ఆ ప్రాంతపు నీటిలో అంతకు మించియుండి, పిల్లల పండ్లు గారకట్టినవి, నడుములు వంగినవి, మోకాళ్లు ముడుచుకొనిపోయినవి. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని శుభ్రపరచు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టగా, ఆఫ్రికా దేశములవరకు మా జిల్లా కీర్తి ఆ విధమున ప్రాకినది. ఒక్క చేతిపిడియే మాటను, విషమును తోడి పోసినది. తరువాత కృష్ణ నీళ్లు నల్లాల ద్వారా ఇంటింటికి వచ్చినవి. ఆ నల్లాను తప్పుపట్టువానిని నేను క్షమింపను.

మొన్న పోయినపుడు చూచితిని. బోరింగు చేతిపిడిని ఎవరో విప్పుకొనిపోయిరి. సిమెంటు గద్దెపై మేకపిల్ల పండుకొనియున్నది. పెద్దమ్మ అరుగుపై కాళ్లు చాపుకొని మోకాళ్లకు నూనె రుద్దుకొనుచుండెను. “బోరింగు కాడికి ఇప్పుడు ఎవ్వరు పోతలేరా పెద్దమ్మా?” అంటిని.

“ఎందుకు పోతరు బిడ్డా, నల్లా ఇంట్లకే వస్తుంది. ఆ నీళ్లు మంచియి గావు, నాకెర్కనే. గని గా సప్పుడు లేకపోతే తెల్లారినట్టే అనిపిస్తలేదు” అని, నూనె గిన్నె నా చేతికిచ్చి, రెండవ మోకాలు చాపెను.