చల్లారునని వ్రాయబడినంత మాత్రమున చల్లారవచ్చునా?



గత కోతల కాలములో మేము ఒక పల్లె సంఘమును దర్శించితిమి. ఊరిపేరు చెప్ప నవసరము లేదు. అక్కడ బుధవారపు రాత్రి గృహ ప్రార్థన కూటము ముప్పది ఏండ్లకు పైగా తప్పక జరుగుచు వచ్చినది. మేము వెళ్లినది బుధవారమే గాని, ఆ రాత్రి చాప పరచినవారు లేరు, పాట ఎత్తినవారు లేరు. సంఘపెద్ద తన అరుగుమీద ఒంటరిగా కూర్చుండియుండెను. కూటము ఏమైనదని అడిగితిమి. ఆయన కొంతసేపు మౌనముగా నుండి, "అయ్యగారూ, కడవరి దినములలో ప్రేమ చల్లారునని ప్రభువే సెలవిచ్చెను గదా! ఆయన మాట తప్పునా? మా ఊళ్లో చల్లారినదంటే వింతేమున్నది?" అనెను.

ఆ మాటకు మేము వెంటనే ప్రత్యుత్తరము చెప్పలేకపోతిమి. ఏదో రెండు మాటలు ప్రార్థన చేసి లేచి వచ్చితిమి. దారి పొడవునా ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. పడిపోవుట ముందుగానే వ్రాయబడియున్న యెడల, పడిపోయినవాని తప్పేమి? సంఘము చల్లబడుట దేవుని ప్రవచనము నెరవేరుటయే అయితే, దానిని ఆపబోవువాడు ప్రవచనమునకే అడ్డు నిలుచుచున్నాడా?

వాక్యములో ఆ మాట ఉన్నది. దాచి ప్రయోజనము లేదు. మత్తయి 24:12 లో ఉన్నది. ప్రభువు దినమునకు ముందు భ్రష్టత్వము సంభవింపవలెనని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెను (2 థెస్స. 2:3). కొందరు విశ్వాస భ్రష్టులగుదురని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయములోను, పైకి భక్తి గలిగి దాని శక్తిని కాదనువారిని గూర్చి రెండవ పత్రిక మూడవ అధ్యాయములోను చదువుదుము. అయితే ఈ మూడవ అధ్యాయమును నిదానముగా చదివినవారికి ఒక సంగతి కనబడును. అంత్యదినములలో అట్టివారు వచ్చెదరని చెప్పిన అపొస్తలుడు, ఆ మాట ముగియక మునుపే, అట్టివారికి దూరముగా నుండుమని తిమోతిని ఆజ్ఞాపించుచున్నాడు. పుట్టనివారికి దూరముగా నుండుమని ఎవడైనను చెప్పునా? కాబట్టి వారు తిమోతి కనుల యెదుటనే తిరుగుచుండిరి. పెంతెకొస్తు దినమున పేతురు యోవేలు ప్రవచనమును ఎత్తి, ఆ అంత్యదినములు ఇవేయని చెప్పెను. ఇది కడవరి గడియయని యోహాను తన మొదటి పత్రికలో వ్రాసెను. అంత్యదినములు మన కాలములో పుట్టినవి కావు. సంఘము పుట్టిన దినముననే అవియును మొదలైనవి. చల్లారు ప్రమాదము ప్రతి తరమునకును ఉండెను. మన తరము దానిని సాకుగా చెప్పుకొన్న మొదటి తరమును కాదు.

ఈ విషయమై భక్తిగల బోధకులలోనే భిన్నాభిప్రాయములు కలవు. ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములు ఏడు యుగములనియు, లవొదికయ అను చల్లని వేడిలేని సంఘము చిట్టచివరి యుగమనియు కొందరు నేర్పుదురు. పందొమ్మిదవ శతాబ్దములో డార్బీ మొదలగువారి బోధవలనను, 1909 లో వెలువడిన స్కోఫీల్డు వ్యాఖ్యాన బైబిలు వలనను, యుగములను విభజించి చదువు ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది; మన పల్లె సువార్తికులలో అనేకులు ఎక్కడినుండి వచ్చినదో తెలియకయే దీనిని బోధించుచున్నారు. మరి కొందరు పులిసిన పిండి ఉపమానమును ఆధారము చేసికొని, సువార్త క్రమముగా లోకమంతటిని పులియజేయును, సంఘము దినదినము వర్ధిల్లును అని నమ్మిరి. 1910 లో ఎడిన్‌బరో నగరమున జరిగిన మిషనెరీ మహాసభకు వచ్చినవారిలో అనేకుల హృదయములలో అట్టి ఉత్సాహమే ఉండెను. మన దోర్నకల్లుకు 1912 లో బిషప్పైన అజరయ్యగారు ఆ సభలో మాటలాడినవారే. నాలుగేండ్లు తిరిగిన వెంటనే, 1914 లో, క్రైస్తవ దేశములని పేరుపడిన దేశములే ఒకదానినొకటి నరుకుకొనసాగినవి. ఆ ఉత్సాహము చాలమందిలో ఆ కందకములలోనే పాతిపెట్టబడినది.

ఈ రెంటిలో ఏది సరియైన వ్యాఖ్యానమో ఈ పుటలో తీర్చుటకు మేము పూనుకొనము. రెంటిలోను ఒక నిద్ర దాగియున్నదని మాత్రము చెప్పుదుము. "ఎటుతిరిగి పాడగును" అనువాడును చేతులు ముడుచుకొనును, "ఎటుతిరిగి బాగగును" అనువాడును చేతులు ముడుచుకొనును. మా పల్లె పెద్ద మొదటి మంచము వేసికొని పండుకొనెను. రెండవ మంచము వేసికొన్నవారును పట్టణములలో లేకపోలేదు.

లవొదికయ సంగతి ఇంకను ఆలోచింపదగినది. ఆ పట్టణము బీదది కాదు. షరాబుల వ్యాపారమునకును, నల్లని ఉన్నికిని పేరుగాంచినది. క్రీ.శ. 60 లో భూకంపమువలన కూలినప్పుడు, రోమా ప్రభుత్వపు సహాయము తీసికొనకయే తన సొమ్ముతోనే తిరిగి కట్టుకొనెనని రోమీయ చరిత్రకారుడైన టాసిటస్ వ్రాసెను. నాకేమియు కొదువ లేదని చెప్పుకొను అలవాటు సంఘములోనికి ఊరినుండియే వచ్చియుండును. దగ్గరలోని హియెరాపొలిలో వేడినీటి ఊటలుండెను. లవొదికయకు మాత్రము దూరమునుండి గొట్టముల ద్వారా నీళ్లు తెచ్చుకొనవలసి వచ్చెను. నేడు ఆ స్థలము తుర్కీ దేశములో శిథిలములుగా నున్నది.

అయినను ఆ సంఘమునకు ప్రభువు వ్రాయించిన లేఖ ఎట్లు ముగియుచున్నదో చూడుడి. గద్దించుచున్నాడు, మారుమనస్సు పొందుమనుచున్నాడు, తలుపునొద్ద నిలిచి తట్టుచున్నాడు. చల్లారుట ఆ సంఘపు నొసటి వ్రాత అయినచో తలుపు తట్టుట ఎందుకు? శవమునకు ఉత్తరము వ్రాయువాడు లేడు. ఇంకొక మాట. లవొదికయకు ముందు ఫిలదెల్ఫియకు లేఖ వ్రాయబడినది. రెండును ఒకే రాష్ట్రములోనివి, ఒకే రాజు క్రింద నున్నవి, ఒకే కాలములోనివి. ఫిలదెల్ఫియకు ఉన్న శక్తి కొంచెమే. అయినను వాక్యమును గైకొనినందున ప్రభువు దానిని ఒక్క మాటయైనను నిందింపలేదు. కాలము చెడ్డదైనందున సంఘము చెడిపోయినదని చెప్పుటకు ఫిలదెల్ఫియ మనకు అడ్డు వచ్చుచున్నది.

ఆటంకములు రాక తప్పదు గాని అవి ఎవనివలన వచ్చునో వానికి శ్రమయని ప్రభువు చెప్పెను (మత్తయి 18:7). మనుష్యకుమారుడు వ్రాయబడిన ప్రకారమే పోవును గాని ఆయనను అప్పగించువానికి శ్రమయని పస్కా బల్లయొద్ద చెప్పెను (మత్తయి 26:24). ఒకే వచనములో వ్రాయబడినదియు ఉన్నది, శ్రమయు ఉన్నది. జరుగునని వ్రాయబడినది; నీవు చేయుమని వ్రాయబడలేదు. చెరువు ఏటేట పూడునని ఏ రైతుకు తెలియదు? వానవచ్చిన ప్రతిసారి ఒండ్రు వచ్చి చేరును. అందుచేత పూడిక తీయుట వ్యర్థమని ఏ ఊరివారును అనరు. పూడునని తెలిసినందుననే వేసవిలో పార పట్టుకొని దిగుదురు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. నీనెవె మారుమనస్సు పొందగా దానిమీదికి రావలసిన కీడు తొలగెను. అంత్యదినముల భ్రష్టత్వము అట్లు తొలగునని ఎక్కడ వ్రాయబడినది? నిజమే, తొలగునని మేమును చెప్పుట లేదు. లోకమందలి సంఘమంతటిని నిలబెట్టు భారము మన భుజములమీద పెట్టబడలేదు. అయితే ఆ పెద్ద చెప్పిన వచనమును ఇంటికి వచ్చి తెరచి చూచినప్పుడు, ఇన్ని ఏండ్లుగా మేమును గమనింపని ఒక మాట కనబడినది. అక్కడ "అనేకుల" ప్రేమ అని ఉన్నది. అందరి ప్రేమ అని లేదు. మరుసటి వచనమే అంతమువరకు సహించువానిని గూర్చి చెప్పుచున్నది.

ఇక మన తెలుగు సంఘముల చరిత్రవైపు చూతము. 1854 జనవరి 1 వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండమీద అయిదుగురు మోకరించిరి. జూవెట్ దొరగారును ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును. అప్పటికి పదునెనిమిది ఏండ్లుగా నడిచిన తెలుగు మిషనుకు ఫలమేమియు కనబడనందున, దానిని మూసివేయవలెనా అని అమెరికాలోని పెద్దలు ఆలోచించుచుండిరి. లెక్కలు చూచినవారికి అది చచ్చుచున్న పనియే. 1867 లో ఒంగోలు సంఘము ఎనమండుగురితో ఏర్పడినది. తరువాత 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపెను. ఆ కాలములో బాప్తిస్మము కోరి వచ్చినవారు లెక్కకు మించిరి. అన్నము కొరకు వచ్చువారెవరో ప్రభువు కొరకు వచ్చువారెవరో తెలియదని, ఆయన కరవు సహాయము జరిగినంత కాలము బాప్తిస్మములు నిలిపివేసెను. కూలిపని ముగిసి, పంచుటకు ఆయన చేతిలో ఏమియు లేనప్పుడును జనులు వచ్చిరి. 1878 జూలై 3 వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ 2,222 అను సంఖ్యను మనము పండుగలలో గొప్పగా చెప్పుకొందుము. దానికి ముందు నెలల తరబడి ఆయన కాదు, కాదని చెప్పిన సంగతి అంతగా చెప్పుకొనము. ఎంతమంది వచ్చిరని అడుగుట మనకు సులభము. ఎందుకు వచ్చిరని అడుగుటకు గుండె ధైర్యము కావలెను. దోర్నకల్లులో అజరయ్యగారు బాప్తిస్మము పొందినవారిచేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటింపని యెడల నాకు శ్రమయని పలికించెడివారు. నేడు మన బాప్తిస్మపు పుస్తకములలో పేర్లున్నవి. ఆ చేయి మాత్రము తలమీదినుండి ఎప్పుడు జారినదో ఎవరికిని గుర్తు లేదు.

ఇక్కడ మా తప్పిదమును కూడ ఒప్పుకొనవలెను. యుద్ధములను, భూకంపములను, వార్తాపత్రికలను చూపి రాకడ గురుతులు బోధించిన రాత్రి పందిరి నిండును. మైకు ప్రక్క ఊరికి వినబడును. కట్నము తీసికొనుటను గూర్చియు, కులము చూచి చాపలు వేరుచేయుటను గూర్చియు, సంఘపు ఆస్తికై సహోదరులు కోర్టుకెక్కుటను గూర్చియు బోధించిన రాత్రి చాపలు ఖాళీగా నుండును. ఇది మాకు తెలిసి, మేము మొదటి ప్రసంగమునే ఎక్కువసార్లు చేసితిమి. అమెరికాలో మిల్లరు అనునతని అనుచరులు 1844 అక్టోబరు 22 న ప్రభువు వచ్చునని కనిపెట్టి భంగపడిరని చదివి నవ్వుకొనువారము, తేదీ చెప్పకుండ అదే ఆకలిని మేపుచుంటిమి. భ్రష్టత్వము ఎప్పుడును మరియొక సంఘములోనో, పట్టణములోనో, పై పీఠములలోనో ఉండవలెను. మన వీధిలో ఉండరాదు.

పది మంది కన్యకల ఉపమానములో బుద్ధిగలవారును నిద్రించిరి. మేము చాలకాలము దీనిని గమనింపలేదు. అందరును కునికి నిద్రించిరనియే ఉన్నది. తేడా సిద్దెలలో నూనె విషయమే.

నెల తరువాత మేము ఆ పల్లెకు మరల వెళ్లితిమి. ఈలోగా కూటము ఎందుకు ఆగినదో ఇతరుల వలన వింటిమి. ఆ పెద్దకును ఆయన తమ్మునికిని పొలముల నడుమ గట్టు విషయమై తగాదా. జానెడు మట్టి. ఒకరు కూర్చున్న చాపమీద మరియొకరు కూర్చుండరు. ఇద్దరి బంధువులును చెరియొక వైపు చేరగా బుధవారము నాడు దీపము వెలిగించువారు లేకపోయిరి. అక్రమము విస్తరించుటకును ప్రేమ చల్లారుటకును ప్రభువు ముడి వేసి చెప్పెనని మేము ఎన్నోసార్లు ప్రసంగించితిమి గాని, ఆ ముడి జానెడు గట్టుమీద ఇంత స్పష్టముగా కనబడునని అనుకొనలేదు.

ఆయనతో, "పెద్దయ్యా, అక్కడ అనేకుల ప్రేమ అని ఉన్నది గాని అందరి ప్రేమ అని లేదు" అని చెప్పితిమి. ఆయన చాలసేపు నేలవైపు చూచి, "ఆ అనేకులలో నేను లేనని మీరు చెప్పగలరా, అయ్యగారూ?" అని అడిగెను. చెప్పలేమని ఒప్పుకొంటిమి. మమ్మును గూర్చియు చెప్పలేమంటిమి.

ఆ రాత్రి ఆయనే చాప పరచెను. వచ్చినవారు నలుగురు, వారిలో ఇద్దరు పిల్లలు. తమ్ముడు రాలేదు. కూటము ముగియు వేళకు తమ్ముని భార్య వాకిట నిలిచి, లోపలికి రాకుండగనే, ఇన్నాళ్లుగా పొయ్యి వెలిగించినప్పుడెల్ల ప్రభువు పేరట తీసియుంచిన పిడికెడు బియ్యపు కుండను గడపలో పెట్టి వెళ్లెను. మూత తీసి చూడగా కుండ నిండుగా నుండెను. మరుసటి దినము ఉదయమున ఆ పెద్ద పార భుజమున వేసికొని పొలమువైపు వెళ్లుచుండుట చూచితిమి. గట్టు ఏ వైపుకు జరుపుటకు వెళ్లెనో మేము అడుగలేదు.